అండర్‌బైట్: క్లిప్పులతో సరిపోతుందా, దవడ ఆపరేషన్ కావాలా?

నోరు మూసినప్పుడు పై ముందుపళ్లు కింది పళ్లకన్నా 2–3 మి.మీ. ముందుండాలి. అది తిరగబడి కింది పళ్లే ముందు నిలబడితే అండర్‌బైట్ అంటారు. చికిత్సల పేర్లు చాలానే వినిపిస్తాయి: ఫేస్‌మాస్క్, క్లిప్పులు, అలైనర్లు (తీసి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు), మినీ స్క్రూలు, ఒక దవడ ఆపరేషన్, రెండు దవడల ఆపరేషన్. ఎదుగుదల ముగిసినవాళ్లకు మాత్రం ఇవన్నీ రెండు దారుల్లోకే వస్తాయి. దవడలను ఉన్నచోటే ఉంచి పళ్లను వంచి కాటు, అంటే పై కింది పళ్ల కలయిక, సరిచేయడం ఒకటి, దవడ ఎముకనే కోసి జరపడం రెండోది.

ఏ దారిలో వెళ్లాలో మొదటి బ్రాకెట్ అంటించకముందే, మొదటి పన్ను తీయకముందే తేల్చుకోవాలి. కారణం ఏమిటంటే, ఈ రెండు దారుల్లో పళ్లు ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి. ఆపరేషన్ లేకుండా సర్దేటప్పుడు కింది ముందుపళ్లను లోపలికి, పై ముందుపళ్లను బయటికి వంచుతారు. చోటు చాలకపోతే కింది ప్రీమోలార్లు, అంటే కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్లు తీస్తారు. ఆపరేషన్‌కు సిద్ధం చేసేటప్పుడు అంతా తలకిందులు. కింది పళ్లను బయటికి, పై పళ్లను లోపలికి తెస్తారు. తీయాల్సి వస్తే ఎక్కువగా పై ప్రీమోలార్లే తీస్తారు.

అందుకే "ముందు క్లిప్పులు వేసి చూద్దాం, కుదరకపోతే అప్పుడు ఆపరేషన్" అనే మాట జాగ్రత్తగా వినాలి. వినడానికి మెత్తగా ఉంటుంది. రెండేళ్లు ఒకవైపు నడిపిన పళ్లను మళ్లీ వెనక్కి నడపాలంటే ఇంకో ఏడాదికి పైగా పడుతుంది. అటూ ఇటూ తిప్పినకొద్దీ పంటివేళ్ల కొనలు అరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇక తీసేసిన కింది ప్రీమోలార్లు తిరిగి రావు.

తేడా పళ్లలో ఉందా, ఎముకలో ఉందా?

అద్దం ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నిటారుగా కూర్చుని, నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలికి ఆనించి, దవడను వదులుగా ఉంచి మెల్లగా నోరు మూయాలి. మొదట ఏ పళ్లు తగులుతున్నాయో చూడాలి. ముందుపళ్లు అంచుకు అంచు తగిలి, ఆ తరవాత వెనక పళ్లు కలవడం కోసం దవడ ముందుకు జారితే, కనిపించే అండర్‌బైట్‌లో కొంత భాగం ఆ జారుడు వల్ల వచ్చిందే. ఒక్కోసారి మొత్తం అదే అయి ఉంటుంది. అలాంటివాళ్లకు ముందుపళ్ల అడ్డు తొలగిస్తే దవడ తన చోటికి వెళ్లిపోతుంది, చాలావరకు క్లిప్పులతోనే పని అవుతుంది. జారుడు ఏమీ లేకుండా నేరుగా మూసినా కింది పళ్లు ముందే ఉంటే ఎముక తేడాను అనుమానించాలి. ఇంట్లో చేసేది ఒక అంచనా మాత్రమే. కుర్చీలో పడుకోబెట్టి దవడ వదులు చేయించి డాక్టరు చేతితో చూసేదే లెక్క.

తరవాత చూడాల్సింది పళ్ల వాలు. ఎముకలో తేడా ఉన్నప్పుడు పళ్లు ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటాయి. పెదవి, నాలుకల ఒత్తిడికి కింది పళ్లు లోపలికి, పై పళ్లు బయటికి వాలిపోతాయి. నోట్లో తేడా 2 మి.మీ. మాత్రమే కనిపించినా ఎముకలో అంతకు ఎన్నో రెట్లు దాగి ఉండొచ్చు. క్లిప్పులతో చేయబోయేది కూడా ఇదే వాలు. అది ముందే జరిగిపోయి ఉంటే ఇంకా వంచడానికి మిగిలింది కొద్దే. నోట్లో చూసి మాత్రమే "చిన్న తేడానే, క్లిప్పులు చాలు" అనడంలో వచ్చే పొరపాటు ఇక్కడే.

దీన్ని కొలిచేది తల పక్కవాటు ఎక్స్‌రే, సెఫలోగ్రామ్. అందులో పై దవడ స్థానాన్ని చెప్పే ఎస్ఎన్ఏ కోణం సగటున 82 డిగ్రీలు, కింది దవడది ఎస్ఎన్‌బీ 80. రెండింటి తేడా ఏఎన్‌బీ, మామూలుగా 2 దగ్గర ఉంటుంది. అండర్‌బైట్‌లో ఇది సున్నాకు, అక్కడి నుంచి మైనస్‌కు దిగుతుంది. ముక్కు మొదలు కాస్త ముందుకున్నా వెనక్కున్నా ఈ కోణం మోసం చేస్తుంది కాబట్టి పక్కనే విట్స్ అనే కొలత కూడా చూస్తారు. అది ఆడవాళ్లలో సున్నా, మగవాళ్లలో మైనస్ 1 మి.మీ. దగ్గర ఉంటే మామూలు. కింది ముందుపళ్లు దవడ కింది అంచుతో చేసే కోణం సగటున 90 డిగ్రీలు. అది 80ల మొదట్లోకి వచ్చేసి ఉంటే పళ్లు ఇప్పటికే బాగా లోపలికి వాలిపోయాయని అర్థం.

ఏ దవడది తప్పు అన్నది కూడా ముఖ్యమే. చూసినవాళ్లందరూ "గడ్డం పొడుగ్గా ఉంది" అంటారు గానీ, చాలామందిలో కింది దవడ మామూలుగానే ఉండి పై దవడ వెనకబడి ఉంటుంది. ఇంకా చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. ముక్కు పక్కన బుగ్గ చదునుగా ఉండటం, పై పెదవి పల్చగా లోపలికి పోవడం, కంటిపాప కింద తెల్లగుడ్డు ఎక్కువగా కనిపించడం పై దవడ వెనకబాటుకు గుర్తులు. కొందరు డాక్టర్లు పై పెదవి లోపల, చిగురుకు పైన దూదిచుట్టలు పెట్టి పక్కనుంచి చూపిస్తారు. పెదవి, ముక్కు పక్కల భాగం నిండి, గడ్డం ఒక్కసారిగా చిన్నదైనట్టు అనిపిస్తే జరపాల్సింది పై దవడనే అనడానికి అది మంచి సూచన.

రెండు సందర్భాల్లో పళ్ల పనిని పక్కనబెట్టి ముందు వేరే పరీక్షలు చేయించాలి. పెద్ద వయసులో కాటు కొత్తగా మారుతూ, ఉంగరాలు, చెప్పులు బిగుతవుతుంటే గ్రోత్ హార్మోన్ ఎక్కువై వచ్చే ఆక్రోమెగలీ అయి ఉండొచ్చు. ఐజీఎఫ్-1 రక్తపరీక్షతో మొదలుపెట్టాలి. గడ్డం ఏటేటా ఒకపక్కకే జరుగుతుంటే ఆ రెండో పక్క దవడ కీలు ఇంకా పెరుగుతోందేమో ఎముక స్కాన్‌తో చూడాలి. కీలు పెరుగుతూ ఉండగా కాటు సరిచేస్తే అది నిలవదు.

ఎదిగే వయసులో

పాలపళ్లు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో ఒకటి రెండు పళ్లు మాత్రమే అడ్డం పడితే స్ప్రింగు ఉన్న ప్లేటుతోనో, ముందుపళ్లకు నాలుగు బ్రాకెట్లు, వెనక రెండు బ్యాండ్లు వేసో కొన్ని నెలల్లో సరిచేస్తారు. దీన్ని వాయిదా వేయకూడదు. ఎదురు పడ్డ కింది పన్ను మీద పడే దెబ్బకు అక్కడి చిగురు దిగిపోతుంది, పంటి అంచు కూడా అరుగుతుంది.

పై దవడ వెనకబడ్డ పిల్లలకు ఫేస్‌మాస్క్. నుదురు, గడ్డం మీద మెత్తలు ఆనుకుని, మధ్యలో ఉన్న కడ్డీకి నోట్లోని కొక్కేల నుంచి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తారు. నోట్లో అంగిలిని వెడల్పు చేసే స్క్రూ ప్లేటు తరచూ జతగా ఉంటుంది. లాగుడు ఒక్కో పక్కకు 300 నుంచి 500 గ్రాములు, దిశ కాస్త కిందికి వాలినట్టు. రోజుకు 12–14 గంటలు, సాధారణంగా 6 నుంచి 12 నెలలు వేసుకోవాలి. 7 నుంచి 10 ఏళ్ల మధ్య బాగా పనిచేస్తుంది. పైదవడ చుట్టూ ఉన్న అతుకులు అప్పటికింకా గట్టిపడవు కాబట్టి ఎముక ముందుకు కదులుతుంది. 10 దాటినకొద్దీ ఎముకకన్నా పళ్లే ఎక్కువ కదులుతాయి.

దీని మీద ఆశ ఎంత పెట్టుకోవాలి? బ్రిటన్‌లో 7–9 ఏళ్ల పిల్లలను రెండు గుంపులుగా విడదీసి, ఆరేళ్ల తరవాతి ఫలితాన్ని 2016లో ప్రచురించారు. దవడ ఆపరేషన్ అవసరమని నిపుణులు భావించింది ఫేస్‌మాస్క్ వేసుకున్నవాళ్లలో 36 శాతానికి, వేసుకోనివాళ్లలో 66 శాతానికి. చిన్న అధ్యయనమే అయినా చెప్పే సంగతి గట్టిదే. అవసరం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. యవ్వనంలో కింది దవడ మరోసారి ఊపందుకుంటే గెలిచినదంతా పోవచ్చు. అందుకే కాటును సరిపోయేంతకన్నా ఎక్కువగా, 3–4 మి.మీ. ముందుకు తెచ్చి ఆపుతారు. నిలువుగా పొడవైన ముఖం, ముందుపళ్లు అసలు కలవని కాటు ఉన్న పిల్లల్లో మాత్రం ఫేస్‌మాస్క్ గడ్డాన్ని వెనక్కి, కిందికి తిప్పి ముఖాన్ని ఇంకా పొడవు చేస్తుంది. వాళ్ల విషయంలో తొందరపడకూడదు.

11 ఏళ్ల తరవాత, కింది కోరపళ్లు వచ్చాక ఇంకో మార్గం ఉంది. ఎముకకే నాలుగు మినీప్లేట్లు బిగించి నోటి లోపలే రోజంతా రబ్బర్లు వేయడం. పళ్లు వంగకుండా ఎముక మీదే లాగుడు పడుతుంది, ముఖం మీద ఏమీ కనిపించదు. దీనికి చిన్న ఆపరేషన్ మాత్రం తప్పదు, ప్లేట్లు ఒక్కోసారి వదులవుతాయి. గడ్డాన్ని వెనక్కి నొక్కే చిన్ కప్ సంగతికొస్తే, వాడుతున్నంతకాలం ఫలితం కనిపిస్తుంది, ఆపాక కింది దవడ తన లెక్క ప్రకారం పెరిగి పాత చోటికి వచ్చేస్తుంది. దాని మీద సంవత్సరాలు ఖర్చుపెట్టమని సలహా ఇవ్వలేం.

13 నుంచి 17 మధ్య వయసువాళ్లకు చాలాసార్లు సరైన పని ఆగడమే. తల్లిదండ్రులకు ఇది నచ్చదు. కానీ ఇంకా పెరిగే దవడ మీద తుది చికిత్స మొదలుపెడితే క్లిప్పులు నాలుగైదేళ్లు ఉండిపోతాయి, పళ్లు పుచ్చుతాయి, చివరికి ఆపరేషన్ ఎలాగూ వస్తుంది. ఆడపిల్లల్లో 16–17, మగపిల్లల్లో 18–20 దాటాకే కింది దవడ ఎదుగుదల దాదాపు ఆగుతుంది. వయసొక్కటే చూసి తేల్చరు. 6 నుంచి 12 నెలల ఎడంతో తీసిన సెఫలోగ్రామ్‌లను ఒకదాని మీద ఒకటి పరిచి, గీతలు కదలలేదని చూసుకున్నాకే ముందుకు వెళ్తారు.

క్లిప్పులతోనే సర్దుకోవడం

వైద్యులు దీన్ని కామఫ్లాజ్ అంటారు. ఎముక తేడా అలాగే ఉంటుంది, పళ్ల కలయిక మాత్రం సరిగ్గా కనిపిస్తుంది. ఏఎన్‌బీ కొంచెమే మైనస్‌లో ఉండి, కింది పళ్లు ఇంకా నిటారుగా ఉండి, చిగురు దళసరిగా ఉండి, ముఖం పట్ల అసంతృప్తి లేనివాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. 1992లో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశీలన ఏఎన్‌బీ మైనస్ 4 డిగ్రీలు, కింది పళ్ల కోణం 83 డిగ్రీలు అనే రెండు అంకెలను హద్దుగా చూపింది. వాటికి దిగువనున్నవాళ్లు ఎక్కువగా ఆపరేషన్ వైపే వెళ్లారు. ఇవి చట్టాలేమీ కావు, కానీ మీ రిపోర్టులో ఈ రెండు అంకెలు ఎక్కడున్నాయో తెలుసుకుని మాట్లాడితే సంభాషణ సూటిగా సాగుతుంది.

పనిచేసే తీరు మూడు రకాలు. మొదటిది రబ్బర్లు: పైన వెనక దవడపన్ను నుంచి కింద కోరపన్నుకు, రోజుకు 20 గంటలకు పైగా. ఇవి కింది పళ్లను వెనక్కి లాగుతూనే పై దవడపళ్లను కిందికి దింపుతాయి. దాంతో గడ్డం కాస్త కిందికి, వెనక్కి తిరుగుతుంది. ముఖం పొట్టిగా, కాటు లోతుగా ఉన్నవాళ్లకు ఇది వరం. ముఖం ముందే పొడవుగా, ముందుపళ్లు కలవకుండా ఉన్నవాళ్లకు ఇదే హాని, కాటు ముందు ఇంకా తెరుచుకుంటుంది. ఒకే రబ్బరు ఇద్దరికి రెండు ఫలితాలిస్తుంది, కాబట్టి వేరొకరికి పనిచేసిందని దీన్ని ఎంచుకోకూడదు.

రెండోది మినీ స్క్రూలు. కింది చివరి దవడపళ్ల బయటిపక్క ఎముకలోకి సుమారు 2 మి.మీ. మందం, 10–12 మి.మీ. పొడవున్న స్క్రూ దించి, మొత్తం కింది వరసను ఒకేసారి వెనక్కి లాగుతారు. జ్ఞానదంతాలు ఉంటే ముందే తీసేయాలి. వెనక ఎముక ఎంత మిగిలుందన్నదే పరిమితి. చాలామందిలో పంటివేళ్ల దగ్గర నాలుక వైపు ఎముక గోడ తొందరగానే అడ్డొస్తుంది, దాన్ని సీబీసీటీ అనే త్రీడీ ఎక్స్‌రే స్కాన్‌లో చూడాలి. స్క్రూ వదులైతే మార్చాలి, దాని చుట్టూ శుభ్రం లేకపోతే చిగురు వాచి దాన్ని కప్పేస్తుంది.

మూడోది పన్ను తీయడం. కింది మొదటి ప్రీమోలార్లు రెండు, లేదా కింది ముందుపళ్లలో ఒకటి. ఒక ముందుపన్ను తీసేది తేడా చిన్నదై, కింది పళ్లు కిక్కిరిసి ఉన్నప్పుడు. ఆ తరవాత మధ్యగీత కలవదు, చిగురు దగ్గర నల్లటి త్రికోణం మిగలొచ్చు.

హద్దు దాటితే ఏమవుతుంది? కింది ముందుపళ్లను క్లిప్పులతో మాత్రమే వెనక్కి తీసుకెళ్లగలిగేది సుమారు 3 మి.మీ. అంతకు మించి నెడితే పంటివేరు పల్చటి ఎముక గోడను దాటి బయటపడుతుంది, చిగురు దిగుతుంది, వేరు పొడవుగా కనిపిస్తుంది. చిగురు పల్చగా ఉన్నవాళ్లకు చికిత్సకు ముందే చిగురు అతుకు వేయించమని చెప్పొచ్చు. ఇంకో చిక్కు రూపంలో ఉంటుంది. కింది పళ్లు లోపలికి పోయినకొద్దీ కింది పెదవికి ఆధారం తగ్గి గడ్డం ఇంకా ముందుకొచ్చినట్టు కనిపించవచ్చు. కాటు సరిపోయింది కానీ ముఖం నచ్చలేదు అనే ఫిర్యాదు వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

అలైనర్లు ఇదే పనిని చిన్న తేడాల్లో చేయగలవు. రోజుకు 22 గంటలు వేసుకుని, వాటికి రబ్బర్లు కూడా తగిలించాలి. తేడా పెద్దదైతే అలైనరా బ్రాకెట్టా అన్న చర్చకు అర్థం లేదు, రెండూ పళ్లనే కదుపుతాయి.

ఆపరేషన్ దారి

నమలడం కష్టంగా ఉండి, ముఖం పొందిక కూడా మార్చుకోవాలనుకుని, ఏఎన్‌బీ బాగా మైనస్‌లో ఉన్నవాళ్లకు, గడ్డం ఒకపక్కకు పోయినవాళ్లకు ఇదే సరైనది. పాత వరస ఇలా ఉంటుంది: 12 నుంచి 18 నెలలు క్లిప్పులు, తరవాత ఆపరేషన్, ఆపైన 6 నుంచి 12 నెలలు మళ్లీ క్లిప్పులు. మొదటి దశలో పళ్లను వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు. కాబట్టి అండర్‌బైట్ పెరుగుతుంది. మైనస్ 3 మి.మీ.తో మొదలైంది మైనస్ 7, 8కి వెళ్లొచ్చు. ముఖం ఇంకా తేడాగా కనిపిస్తుంది, కొరకడం కష్టమవుతుంది. ఈ సంగతి ముందే చెప్పని చోట రోగులు మధ్యలో మానేసి, ఏ దారికీ చెందని పళ్లతో మిగిలిపోతారు. ఈ దశలో తేడాను బాగా పెంచకపోతే ఆపరేషన్‌లో దవడను జరపడానికి చోటు దొరకదు, ఫలితం అరకొరగా వస్తుంది.

ముందే ఆపరేషన్ చేసి తరవాత క్లిప్పులతో సర్దే పద్ధతీ ఉంది. ముఖం మొదటి రోజు నుంచే మారుతుంది, కోసిన ఎముకలో మార్పిడి వేగంగా జరిగే తొలి 3–4 నెలల్లో పళ్లు త్వరగా కదులుతాయి, మొత్తం కాలం తగ్గుతుంది. పళ్లు పెద్దగా కిక్కిరిసి లేనివాళ్లకు, పై కింది వరసల వెడల్పు కలిసేవాళ్లకు ఇది అనుకూలం. బల్ల మీద నుంచి లేచేసరికి కాటు రెండు మూడు పళ్ల మీదే ఆనుతుంది కాబట్టి స్ప్లింటు (పళ్ల మధ్య పెట్టే అచ్చు ప్లేటు), కంప్యూటర్ ప్లానింగ్ తప్పనిసరి. క్లిప్పులు వేసే నిపుణుడికి, అంటే ఆర్థోడాంటిస్ట్‌కు ఈ పద్ధతిలో అనుభవం లేకపోతే దీన్ని అడగకపోవడమే మంచిది.

ఒక దవడా, రెండు దవడలా? పై దవడను ముందుకు తెచ్చేది లెఫోర్ట్ 1 కోత. పళ్ల వేళ్లకు పైన అడ్డంగా కోసి, ముందుకు తెచ్చి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. కింది దవడను వెనక్కి తీసుకెళ్లే కోతను 1957లో ట్రౌనర్, ఒబ్వెగెసర్ వివరించారు. దవడ వెనక భాగాన్ని రెండు పొరలుగా చీల్చి, ముందు భాగాన్ని వెనక్కి జార్చి స్క్రూలతో బిగించడం దాని సారం. కోతలన్నీ నోటి లోపలినుంచే, ముఖం మీద మచ్చ ఉండదు. స్క్రూ బిగించడానికి బుగ్గ మీద చిన్న గాటు పెట్టాల్సి రావచ్చు.

నిలకడ చూస్తే పై దవడను ముందుకు తేవడం బాగా నిలుస్తుంది. కింది దవడను ఒక్కదాన్నే వెనక్కి నెట్టడం అంత నమ్మదగింది కాదు. బిగించేటప్పుడు కీలు ఉన్న వెనక ముక్క కూడా పొరపాటున వెనక్కి తోసుకుపోతే, నమిలే కండరాలు పని మొదలుపెట్టగానే దాన్ని తన చోటికి లాగేస్తాయి. దాంతో గడ్డం మళ్లీ ముందుకొస్తుంది. ఇంకో కారణం శ్వాస. కింది దవడతోపాటు నాలుక కూడా వెనక్కి పోయి గొంతు దారి ఇరుకవుతుంది. గురక, బరువు, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందే నిద్ర పరీక్ష చేయించాలి. వాళ్ల విషయంలో కింది దవడను ఎక్కువ వెనక్కి నెట్టే ప్లానును ఒప్పుకోకూడదు. ఈ రెండు కారణాల వల్లే ఇప్పుడు పెద్ద తేడాలను రెండు దవడల మధ్య పంచుతారు: పైది 4–5 మి.మీ. ముందుకు, మిగిలింది కింది నుంచి వెనక్కి. పై దవడ వెనకబాటు ఒక్కటే ఉంటే పైది జరిపితే చాలు, కిందిదాన్ని తాకనక్కర్లేదు.

పై దవడ జరిపితే ముక్కు రెక్కలు వెడల్పవుతాయి, ముక్కు కొన కాస్త లేస్తుంది. సర్జన్ చివర్లో ముక్కు అడుగున బిగింపు కుట్టు వేస్తారు. ముక్కు ముందే వెడల్పుగా ఉంటే ఈ విషయం ముందుగా మాట్లాడుకోవాలి. చీలిన అంగిలికి ఆపరేషన్ జరిగినవాళ్లలో పై దవడను ముందుకు తెస్తే మాట ముక్కుతో వచ్చే ప్రమాదం ఉంది, వాళ్లకు స్పీచ్ పరీక్ష తప్పదు.

అసలు బేరం కింది పెదవి స్పర్శ దగ్గరుంటుంది. ఆ నరం సరిగ్గా కోత పడే చోటే ఎముక లోపల నడుస్తుంది. ఆపరేషన్ తరవాత కింది పెదవి, గడ్డం మొద్దుబారడం దాదాపు మామూలు. చాలామందికి 6 నుంచి 12 నెలల్లో తిరిగి వస్తుంది. కొందరికి చిన్న తిమ్మిరో, తేడా స్పర్శో జీవితాంతం ఉండిపోతుంది. వయసు పెరిగినకొద్దీ, గడ్డం ఎముకకు కూడా కోత పెట్టినప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. పెదవి కదలిక మాత్రం పోదు, ఇది స్పర్శ నరమే. పెదవి స్పర్శతో పని ఉన్న గాలివాద్యం కళాకారుల్లాంటివాళ్లు ఈ ఒక్క పాయింటు మీదే నిర్ణయం మార్చుకోవచ్చు. కింది దవడను నిలువుగా కోసే వేరే పద్ధతిలో నరానికి దెబ్బ తక్కువ, కాకపోతే ప్లేట్లు వేయరు కాబట్టి కొన్ని వారాలు పళ్లను కలిపి కట్టేయాలి.

కింది జ్ఞానదంతాలను ఆపరేషన్‌కు కనీసం 6 నెలల ముందే తీయించమని చాలామంది సర్జన్లు చెబుతారు. ఎముక చీల్చే గీత సరిగ్గా అక్కడినుంచే పోతుంది. గుంత నిండకపోతే ఎముక అడ్డదిడ్డంగా విరగొచ్చు. పొగ తాగేవాళ్లు వారాల ముందే మానాలి, లేకపోతే పై దవడకు రక్తం అందడం, ఎముక అతుక్కోవడం రెండూ దెబ్బతింటాయి.

కోలుకోవడం ఇలా ఉంటుంది. ఆసుపత్రిలో 2 నుంచి 4 రోజులు. వాపు రెండో, మూడో రోజు తారస్థాయికి వెళ్లి, రెండు మూడు వారాల్లో చాలావరకు దిగుతుంది. చివరి కొద్దిపాటి వాపు పోవడానికి 6 నెలలు పడుతుంది కాబట్టి అప్పటిదాకా ఫొటోలతో తీర్పు ఇవ్వొద్దు. మొదట ద్రవాహారం, ఆపైన నమలనక్కర్లేని మెత్తటి ఆహారం, మొత్తం సుమారు 6 వారాలు. కొన్ని కిలోల బరువు తగ్గడం మామూలే. పై దవడ ఆపరేషన్ అయితే రెండు వారాలైనా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. ఒక పక్కనుంచి ఉప్పగా చీము రుచి రావడం, తగ్గిన వాపు మళ్లీ పెరగడం, పళ్లు ఉన్నట్టుండి వేరేగా తగలడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే ఫోన్ చేయాలి. చివరిది ముఖ్యంగా ప్లేటు కదిలిందనడానికి గుర్తు కావచ్చు. మొదటి కొద్దిరోజుల్లో సరిచేయడం సులువు.

మధ్యలో ఉన్నవాళ్లు

ఏఎన్‌బీ మైనస్ 2, 3 దగ్గర ఉన్నవాళ్లకు రెండు దారులూ సాధ్యమే. అంకెలు తేల్చలేని ఇలాంటి చోట తేల్చాల్సింది ముఖమే. పక్కవాటు ఫొటో తీసి, కాటును మరిచిపోయి చూడండి. ముఖం ఇలాగే ఉన్నా ఫర్వాలేదనిపిస్తే కామఫ్లాజ్ చేయించుకోవచ్చు. మారాలనిపిస్తే కామఫ్లాజ్ వద్దు, ఎంత బాగా చేసినా అది ముఖాన్ని మార్చదు. రెండు రకాల ప్లానులకూ కంప్యూటర్‌లో పళ్ల అమరిక వేసి చూపించమని అడగవచ్చు. కామఫ్లాజ్ ప్లానులో కింది పళ్ల వేళ్లు ఎముకలోనే ఉన్నాయా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. ఇంకా తేలకపోతే ఏదీ తీయకుండా, వాలు మార్చకుండా వరస మాత్రం సరిచేసే మొదటి కొన్ని నెలల పని రెండు దారులకూ ఉమ్మడే. అక్కడ ఆగి మళ్లీ కొలవొచ్చు. "ప్రయత్నించి చూద్దాం" అనే మాట నిజంగా చెల్లేది ఈ దశలో మాత్రమే.

ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక దారే. నమలడానికి ఇబ్బంది లేకుండా, పళ్లు అరగకుండా, చిగురు దిగకుండా, ముఖంతో తగాదా లేకుండా ఉంటే అండర్‌బైట్‌కు తప్పనిసరి చికిత్స అంటూ లేదు. ఏడాదికోసారి చూపించుకుంటూ పళ్లు, చిగురు కాపాడుకుంటే చాలు.

ఒప్పుకునేముందు

ఆపరేషన్ అనే మాట వచ్చిన ఏ కేసులోనైనా ఆర్థోడాంటిస్ట్, దవడ సర్జన్ ఇద్దరూ ఒకే రోజు, ఒకే గదిలో కూర్చుని మీ రికార్డులు చూడాలి. ఒకరు క్లిప్పులు వేసి ఏడాది తరవాత సర్జన్ దగ్గరికి పంపడం సరైన పద్ధతి కాదు. అడగాల్సినవి సూటిగా అడగండి: నా ఏఎన్‌బీ, విట్స్, కింది పళ్ల కోణం ఎంత? తేడా ఏ దవడది? చికిత్స అయ్యాక కింది పళ్ల కోణం ఎంతకు వస్తుంది? ఏ పళ్లు తీస్తారు, నేను దారి మార్చుకుంటే అవి తీసినందుకు ఏం నష్టం? ఏ దవడ ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది? మీ చేతుల్లో పెదవి తిమ్మిరి మిగిలినవాళ్లు ఎంతమంది? అంకెలు చెప్పకుండా "చూద్దాం, సర్దుకుంటుంది" అని దాటేస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

మొదలుపెట్టకముందు తీసిన సెఫలోగ్రామ్, సీబీసీటీ ఫైళ్లు, పళ్ల డిజిటల్ స్కాన్, ముఖం ఫొటోల ప్రతులను మీ దగ్గర ఉంచుకోండి. ఐదేళ్ల తరవాత కాటు కాస్త మారితే, జరిగింది పళ్ల కదలికా, ఎముక కదలికా అని తేల్చగలిగేది వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే. వాటితోపాటు క్లిప్పులు తీసిన రోజు తీసిన స్కాన్ కూడా ఉంటే, రిటైనర్ (క్లిప్పులు తీశాక పళ్లు జరగకుండా వేసుకునేది) పోయినా విరిగినా మళ్లీ కొలత తీయకుండా అదే అచ్చుతో కొత్తది చేయించుకోవచ్చు.